డోలీ దిగాక

మన ఏజెన్సీలో ఎక్కడైనా కొత్త బిల్డింగు కడుతున్నారంటే ఊళ్ళో అందరూ అడిగేది స్లాబు ఎప్పుడు వేస్తారని. నేను అడిగేది బేస్‌మెంటు ఎత్తెంత అని. రెండో ఏట పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. క్యాలిపర్ వేసుకుని కుడిచేత్తో కర్ర పట్టుకుని నడుస్తాను. ఇరవై ఏళ్ళుగా ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. నేను వెళ్ళిన ఆఫీసులూ బ్యాంకులూ ఆసుపత్రులూ నాకు మెట్ల లెక్కతోనే గుర్తు. ఒకచోట ఐదు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇంకోచోట తొమ్మిది, ఒకపక్క పైపు ఉంది గాని చెయ్యి వేస్తే ఊగుతుంది. ఒక బ్యాంకుకి మెట్లు రెండే, కానీ ఒక్కోటీ అడుగెత్తు. ఆ బ్యాంకులో నా జీతం పడుతుంది. పదేళ్ళపాటు నా డబ్బు తీసుకోవడానికి మా చెల్లెల్ని తోడు తీసుకెళ్ళాను.

డోలీ గురించి మన పాఠకులకి నేను చెప్పాల్సింది లేదు. వర్షాకాలం వచ్చిందంటే పేపర్లో ఒక ఫోటో వస్తుంది. కర్రకి కట్టిన దుప్పటి, అందులో నిండు చూలాలు, ముందొకరూ వెనకొకరూ, మోకాలి లోతు గెడ్డ. రోడ్డు వెయ్యండని అడుగుతాం. అడగాల్సిందే. అయితే రోడ్డు వచ్చిన ఊరి మనిషి కూడా ఆటో దిగి ఆసుపత్రి గుమ్మం ముందు నిలబడితే, అక్కడ ఏడు మెట్లుంటే, మళ్ళీ ఇద్దరు చేతులు కలిపి మోయాలి. ఆ ఏడు మెట్ల మోత కూడా డోలీయే. దాని ఫోటో ఎవరూ తియ్యరు.

మూడేళ్ళ కిందట మా బడికి కొత్త బ్లాకు మంజూరైంది. కింద నాలుగు గదులు, పైన నాలుగు గదులు, చివర బాత్రూములు. అదే ఏడు ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల పేరు రాయను. గెడ్డ అవతలి ఊరు. తండ్రికి రెండెకరాల కాఫీ, కొంచెం పసుపు. లెక్కల్లో చురుకు. తరగతిలో అందరికంటే వెనక బల్ల మీద గుమ్మం పక్కనే కూర్చునేది. ఎందుకమ్మా అంటే, "నడక తక్కువ టీచర్" అంది.

సికిల్ సెల్. మన పిల్లల్లో ఈ జబ్బు ఎంతమందికి ఉందో టీచర్లకి వేరే చెప్పక్కర్లేదు. రక్తంలో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అక్కడికి రక్తం ఆగిపోతుంది, నొప్పి పుడుతుంది. తొడ ఎముక పైభాగానికి రక్తం అందకపోతే ఆ ఎముక లోపల్లోపలే దెబ్బతిని తుంటి అరిగిపోతుంది. ఈ పిల్లకి కుడి తుంటి అలా పోయింది. 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు వాళ్ళకి రక్త పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. మంచిదే. కార్డు చేతికి వచ్చాక ఆ పిల్ల పై అంతస్తుకి ఎలా ఎక్కాలో కార్డు మీద రాయరు కదా.

ఈ జబ్బున్న పిల్లలు చలిలో ఉండకూడదు, అలిసిపోకూడదు, నీళ్ళు బాగా తాగాలి. ముఖ్యంగా నీళ్ళు. నీళ్ళు తగ్గితే నొప్పి తిరగబెడుతుంది. పైగా వీళ్ళ మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు, మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళాలి. మా పాత బాత్రూములు బడి వెనక వంద గజాల దూరంలో ఉండేవి. రాళ్ళ దారి, చివర అడుగెత్తు గట్టు, లోపల కింద కూర్చునే దొడ్డి. తుంటి వంగని పిల్ల అక్కడ ఎలా కూర్చుంటుంది? పుష్య మాసంలో మా దగ్గర చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాత్రి పూట అక్కడికి వెళ్ళాలంటే ఇద్దరు నేస్తాల్ని లేపాలి. లేపడానికి సిగ్గు. ఆ పిల్ల ఏం చేసిందంటే సాయంత్రం నాలుగు దాటాక నీళ్ళు తాగడం మానేసింది. ఆ సంగతి నాకు వార్డెన్ చెప్పలేదు, డాక్టరు చెప్పలేదు. నెలకోసారి నొప్పితో పడిపోతుంటే ఎందుకో తెలియక, ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని రోజంతా ఏం తింటావు ఏం తాగుతావు అని ఒక్కొక్కటీ అడిగితే బయటపడింది. ఆమె మందులు సరిగానే వేసుకుంటోంది. ఆమెని పడేస్తున్నది ఆ బాత్రూము గట్టు.

అందుకే కొత్త బ్లాకు ప్లాను వచ్చిందని తెలియగానే హెచ్ఎం గారిని అడిగి ఆ కాగితం చూశాను. మైదానంలో ఎక్కడో గీసిన ప్లాను అది. ఒకటే ప్లాను కొండమీదికీ, ఏటి ఒడ్డుకీ, సముద్రపు ఒడ్డుకీ పంపుతారు. అందులో ర్యాంపు ఉంది. ఒక చిన్న పెట్టె గీసి పైన ర్యాంపు అని రాశారు. వెడల్పు నాలుగడుగులు అని కూడా వేశారు. పొడవు మాత్రం వెయ్యలేదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ర్యాంపు ఉందా అంటే ఉందంటారు. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా కాగితం మీద ఉందా లేదా అని టిక్కు పెట్టుకుని పోతారు. ఎంత వాలు అని అడిగేవాళ్ళు లేరు. మా మేస్త్రి సున్నంతో గుర్తు పెట్టింది ఎనిమిదడుగులు. బేస్‌మెంటు రెండున్నర అడుగులు. అంటే మూడడుగులు ముందుకి వెళ్ళేసరికి దాదాపు ఒక అడుగు పైకి లేస్తుంది. దాని మీద మోటారు సైకిలు ఎక్కుతుంది. చక్రాల కుర్చీ ఎక్కితే వెనక్కి తిరగబడుతుంది. నేనైతే ఎక్కగలనేమో గాని దిగలేను. క్యాలిపర్‌తో దిగుడు ఎక్కుడు కంటే కష్టం, ఇది కాళ్ళు బాగున్నవాళ్ళకి తట్టదు.

ర్యాంపుకి దేశమంతటికీ ఒక కొలత ఉంది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. దాన్నే 1:12 అని రాస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ వాలు ఇంకా మెల్లగా ఉండాలి. మా రెండున్నర అడుగులకి ముప్ఫై అడుగుల ర్యాంపు కావాలి. కిందా పైనా, మలుపు ఉంటే అక్కడా, ఐదడుగుల చదును కావాలి, కుర్చీ తిప్పుకోవడానికీ ఊపిరి తీసుకోవడానికీ. రెండు పక్కలా పట్టుకునే పైపులు రెండు ఎత్తుల్లో ఉండాలి. మూడడుగుల ఎత్తున ఉన్నది పెద్దవాళ్ళకి, రెండున్నర అడుగుల ఎత్తున ఉన్నది పిల్లలకి, కుర్చీలో కూర్చున్నవాళ్ళకి. ర్యాంపు అయిపోయాక కూడా పైపు ఒక అడుగు ముందుకి రావాలి, ఎందుకంటే చివరి అడుగు దగ్గరే తూలు వస్తుంది. అంచున చిన్న గట్టు ఉండాలి, చక్రం జారి పక్కకి పడిపోకుండా.

ఇదంతా ఏఈ గారికి చెప్పాను. మన కుర్రాడే, పక్క మండలం, పాలిటెక్నిక్ చదివి పరీక్ష రాసి వచ్చాడు. నన్ను మొదట మేడం అనేవాడు, రెండో వారానికి అక్కా అన్నాడు. "అక్కా, ముప్ఫై అడుగులంటే ఎస్టిమేటులో లేదు. ముందర చోటు కూడా ఇరవై అడుగులే ఉంది. ఆపైన రాతిగోడ. ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు.

మేస్త్రి విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన పెద్దాయన. ఎనిమిదడుగులు చాలదా టీచరమ్మ గారూ, ఇన్నేళ్ళూ ఇలాగే కడుతున్నాం అన్నాడు. ఆయనకి లెక్క చెప్పలేదు నేను. ఎదురుగా కొండ చూపించాను. "బాబాయ్, ఆ ఊరికి ఆవులు ఎలా ఎక్కుతున్నాయో చూడు" అన్నాను. మన కొండదారులు ఎప్పుడూ నిట్టనిలువుగా పోవు. అడ్డంగా పోయి, తిరిగి, మళ్ళీ అడ్డంగా పోతాయి. తలమీద అడ్డాకుల మోపు ఉన్న మనిషి, బిడ్డని కట్టుకున్న తల్లి, పాడి ఆవు ఎక్కగలిగే వాలే దారి అవుతుంది. ఆ దారి వేసింది ఏ ఇంజనీరూ కాదు, వందల ఏళ్ళుగా నడిచిన కాళ్ళు. మేస్త్రి కాసేపు చూసి, "అయితే ఆవులదారి కట్టమంటావు" అన్నాడు. ఆ తరవాత మా సైటులో ర్యాంపు అనే మాట పోయి ఆవులదారి అనే మాటే నిలిచింది. నాకది నచ్చింది.

చోటు సమస్య మాత్రం అలాగే ఉంది. దానికీ కొండే దారి చూపించింది. మా బడి స్థలం వాలు మీద ఉంది. ముందు వైపు నేల పల్లం, తూర్పున భోజనశాల వైపు నేల మెరక. బ్లాకు తూర్పు చివర వరండా మట్టానికీ అక్కడి నేలకీ తేడా ఎంతో కొలవమన్నాను. మేస్త్రుల దగ్గర ఉండే నీళ్ళ పైపు పట్టి కొలిచారు. తొమ్మిది అంగుళాలు. తొమ్మిది అంగుళాలకి పన్నెండు రెట్లు వేస్తే తొమ్మిది అడుగులు. ముందువైపు వాళ్ళు పోద్దామనుకున్న ఎనిమిదడుగుల కాంక్రీటుకి ఒక అడుగు కలిపి చోటు మార్చితే సరిపోతుంది! ఏఈ ఆ కొలత రెండుసార్లు తీయించాడు. నమ్మలేక కాదు, ఆనందంతో అనుకుంటాను.

వికలాంగులకి అనువుగా కట్టడం ఖర్చు ఎక్కువ అనే మాట మీరు చాలాచోట్ల వింటారు. కట్టేశాక పగలగొట్టి మార్చడం ఖర్చు. ముగ్గు పోసేటప్పుడు అడిగితే చాలామటుకు తక్కువ ఖర్చులోనే అయిపోతుంది. మనలా వాలు నేలల్లో బతికేవాళ్ళకి ఇంకా సులువు, ఎందుకంటే ఎక్కడో ఒకచోట నేలే పైకి వచ్చి గుమ్మాన్ని అందుకుంటుంది. ఆ చోటు ఏదో ఊళ్ళోవాళ్ళకి తెలుస్తుంది. మైదానంలో ప్లాను గీసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

తూర్పు వైపు దారి పెట్టడానికి రెండు అడ్డంకులు వచ్చాయి. మొదటిది వాన నీరు. కొండనీళ్ళు ఆ వైపు నుంచే దిగుతాయి, వరండాలోకి వచ్చేస్తాయని ఏఈ భయం. అడ్డంగా కాలవ తీసి పైన ఇనుప జాలీ వేశారు. మొదట తెచ్చిన జాలీ సందులు రెండు అంగుళాలు. నా కర్ర చివర పెట్టి చూపించాను, సందులో దిగిపోయింది. సందు అర అంగుళానికి మించకూడదు, నడిచే దిక్కుకి అడ్డంగా ఉండాలి. లేకపోతే చక్రం ముందు గిర్రలు అందులో ఇరుక్కుంటాయి. జాలీ మార్చారు.

రెండోది నా మనసులో అడ్డంకి. అందరికీ ముందు గుమ్మం, మాకు పక్క గుమ్మం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. జీవితమంతా వెనక దారినే వచ్చాను. నియమాల్లో కూడా ముఖ్యద్వారమే అందరికీ అందాలని ఉంది. అందుకని గేటు నుంచి భోజనశాల వరకూ బియ్యం ఆటో వచ్చే దారినే బడికి ముఖ్యమైన దారి చెయ్యమన్నాను. ఆ దారి గుంతలు. తల్లిదండ్రులు రెండు సంత రోజులు మానుకుని వచ్చి రాళ్ళు పరిచి మట్టి దిమ్మిస చేశారు. మిగిలిన కాంక్రీటుతో నాలుగడుగుల పట్టీ పోశారు. పిల్లలు అన్నానికీ టిఫినుకీ ఎలాగూ ఆ వైపే పోతారు కాబట్టి ఇప్పుడు అందరూ ఆ గుమ్మంలోంచే వస్తున్నారు. వంటమనిషి గ్యాస్ బండ దొర్లించుకుంటూ అటే వస్తుంది. ముందు మెట్లు ఊరికే పడి ఉన్నాయి. సాయంత్రం పిల్లలు వాటి మీద కూర్చుని చదువుకుంటారు.

బాత్రూము దగ్గర ఇంకా గట్టిగా నిలబడాల్సి వచ్చింది. పది బాత్రూముల్లో ఒకదానికి కుర్చీలా కూర్చునే కమోడు కావాలన్నాను. కూర్చునే ఎత్తు అడుగున్నర. పక్కన గోడకి ఒక పట్టీ, రెండో పక్క మడిచి పైకి ఎత్తే పట్టీ. లోపల చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల ఖాళీ. దీనికి రెండు బాత్రూముల మధ్య గోడ తీసేసి ఒకటి చెయ్యాలి. పది బాత్రూములు తొమ్మిదవుతాయని ఒక పెద్దమనిషి అభ్యంతరం. ఆ తొమ్మిదిలో ఒకటైనా ఈ పిల్లకి పనికొస్తే పది ఎందుకు అడుగుతాను?

తలుపు మూడడుగుల ఖాళీ ఇవ్వాలి. వచ్చిన ద్వారబంధాలు రెండున్నర అడుగులవి. స్టోరు గదికి తెచ్చిన మూడున్నర అడుగులది దీనికి పెట్టి, దీనిది స్టోరుకి పెట్టారు. తలుపు బయటికి తెరుచుకోవాలి. అలవాటు కొద్దీ వడ్రంగి లోపలికి తెరుచుకునేలా బిగించాడు. లోపల పిల్ల పడిపోతే తలుపుకి అడ్డం పడుతుంది, బయటి నుంచి ఎవరూ తెరవలేరు అని చెబితే, మారు మాట్లాడకుండా కీళ్ళు విప్పాడు. చాలామంది అంతే. కావాలని ఎవరూ చెయ్యరు, వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక గడప. మనం గడపకి పసుపు రాసి బొట్టు పెడతాం. ఇంటి గడప మాట వేరు. బాత్రూముకి నాలుగంగుళాల గడప ఎందుకంటే నీళ్ళు బయటికి రాకుండా అంటారు. నేలని లోపలికి వాలుగా పోసి నీళ్ళు పోయే తూము మూలకి పెడితే గడప అక్కర్లేదు. అర అంగుళం ఉంటే చాలు. తరగతి గదులకీ గడపలు తీయించాం. తాపీ పనివాళ్ళకి కొంచెం బాధ కలిగింది, గడప లేని గుమ్మం ఏం గుమ్మమని.

పై అంతస్తుకి లిఫ్టు అడగలేదు. కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోతుందో తెలిసినదాన్ని. నడవలేని పిల్ల ఏ తరగతిలో ఉంటే ఆ తరగతి కింద ఉండాలని, లైబ్రరీ, సైన్సు గది కిందే ఉండాలని హెచ్ఎం గారితో రాయించుకున్నాం. కంప్యూటర్లు మాత్రం పైకి పోయాయి. కింద పెడితే దొంగలు పడతారట. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

చూపు తక్కువ పిల్లల కోసం మెట్ల అంచులకి పసుపు పట్టీ వేయించాం. రెండు అంగుళాల రంగు, ఒక డబ్బా చాలింది. వినపడని పిల్లలు మా బడిలో ఇద్దరున్నారు. వాళ్ళకి గంట మోగినట్టు తెలిసేలా వరండాలో ఒక లైటు పెట్టమన్నాను. ఇంకా పెట్టలేదు.

ఇవన్నీ అడగడానికి నా దగ్గర ఉన్నది చట్టమే. టీచర్లూ కుర్రాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం చివర బడికి ఏమేం ఉండాలో రాసిన పట్టికలో, అడ్డంకులు లేకుండా లోపలికి రాగలగడం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. అంతకుముందు చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, ఇందులో ఇరవై ఒకటి. సికిల్ సెల్ అందులో ఉంది, తలసీమియా కూడా. ఆ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, నియమాల్లో చెప్పిన కొలతలు ప్లానులో లేకపోతే కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు. కట్టాక కూడా ఆ కొలతలు పాటించకపోతే పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, అందులోకి చేరనివ్వకూడదు. 45వ సెక్షన్ ప్రజలు వాడే పాత భవనాల గురించి. 2017 జూన్‌లో నియమాలు వచ్చినప్పటి నుంచి ఐదేళ్ళలో అన్నీ మార్చాలి. ఆ ఐదేళ్ళు 2022 జూన్‌తో అయిపోయాయి. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల వరకూ, మళ్ళీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల వరకూ జరిమానా అని 89వ సెక్షన్ చెబుతోంది.

మరి ఇంత చట్టం ఉండగా ఎనిమిదడుగుల ర్యాంపులు ఎలా వస్తున్నాయి? రాజీవ్ రతూరి అనే చూపులేని మనిషి 2005లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. ఆ కేసులో 2024 నవంబరు 8న వచ్చిన తీర్పు అసలు కిటుకు పట్టుకుంది. నియమాల్లో కొలతలు పాటిస్తే బాగుంటుంది అన్నట్టు ఉన్నాయి, పాటించి తీరాలని లేవు. చట్టమేమో తప్పనిసరి అంటుంటే నియమం సలహా ఇచ్చినట్టు ఉంటే చెల్లదని కోర్టు 15వ నియమాన్ని కొట్టేసింది. తప్పనిసరి కొలతలు మూడు నెలల్లో తయారుచెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసింది. మన పిల్లల్లో లా చదివేవాళ్ళు దాన్ని చదవాలి.

షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్నవాళ్ళకి ఇంకో ఆయుధం ఉంది. 1996 పీసా చట్టం ప్రకారం పంచాయతీ తలపెట్టే అభివృద్ధి పనుల్ని ముందుగా గ్రామసభ ఆమోదించాలి, డబ్బు ఖర్చయ్యాక సరిగా వాడారని గ్రామసభే సర్టిఫికెట్ ఇవ్వాలి. అంగన్‌వాడీ అయినా పంచాయతీ ఆఫీసు అయినా సంతకం పెట్టే ముందు ఒక్కరు లేచి ర్యాంపు పొడవెంత అని అడగండి. ఎంతమంది వికలాంగులున్నారు మన ఊళ్ళో అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఊళ్ళో ముసలివాళ్ళు ఎంతమంది, బాలింతలు ఎంతమంది, తాటిచెట్టు మీంచి పడినవాళ్ళు ఎంతమంది అని లెక్క చెప్పండి. నడవలేనివాళ్ళు మీటింగులకి రాలేదు కాబట్టి ఊళ్ళో లేరనుకోవడం మనలో కూడా ఉంది. మమ్మల్ని వికలాంగులు అన్నారు, దివ్యాంగులు అన్నారు, విభిన్న ప్రతిభావంతులు అన్నారు. పేరు మూడుసార్లు మారింది, ఆ బ్యాంకు మెట్టు అడుగెత్తు అలాగే ఉంది.

బ్లాకు సంక్రాంతి వెళ్ళాక తెరిచారు. అప్పటికి ఆ పిల్ల పదో తరగతి. నెల తిరక్కుండానే కొత్త బాత్రూముకి తాళం పడింది. అందులో చీపుళ్ళూ ఫినాయిల్ డబ్బాలూ సున్నం బస్తా పెట్టారు. ఎందుకంటే పాడైపోతుందట, తనిఖీకి వచ్చినప్పుడు శుభ్రంగా చూపించాలట. ఆ రోజు నేను కేకలు వేశాను. ఆశ్రమ పాఠశాలలో ఇరవై ఏళ్ళలో అంత గట్టిగా అరిచింది లేదు. తాళం తీశారు. తాళంచెవి ఒకటి ఆ పిల్లకి ఇచ్చాను. చీపుళ్ళు స్టోరు గదికి వెళ్ళాయి, అదే రెండున్నర అడుగుల గుమ్మంలోంచి.

ఆ రెండు నెలలూ ఆ పిల్ల మంచం పక్కన రాత్రిపూట కూడా నీళ్ళ సీసా ఉండేది. నొప్పి అసలు రాలేదని చెప్పను, ఒకసారి వచ్చింది. పరీక్షలు అన్నీ రాసింది. లెక్కల్లో తొంభై మూడు.

ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడు. కాలేజీలో చేరిన రెండో రోజు ఫోను చేసింది. "టీచర్, ఇక్కడ మెట్లు పదకొండు. పట్టుకోడానికి ఏం లేదు. బాత్రూము పైన ఉంది" అంది. ఒక్కో మెట్టు ఎత్తెంత అని అడిగాను. స్కేలు పెట్టి కొలిచి ఉంచింది, ఏడంగుళాలు. ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాయమన్నాను. తెలుగులోనే రాయి, కొలతలు రాయి, 44, 45 సెక్షన్లు రాయి, జబ్బు గురించి బతిమాలుతూ రాయకు, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దాచుకో అన్నాను. నాలుగైదు రోజులు కూర్చుని రాసి ఫోటో తీసి పంపింది. రెండు పేజీలు. ఒకచోట ప్లాను కూడా గీసింది. కాలేజీ వెనక సైకిళ్ళు పెట్టేచోట నేల మెరకగా ఉందని, అక్కడి నుంచి వరండాకి తేడా అడుగు కూడా లేదని, ర్యాంపు అక్కడ పెడితే పన్నెండు అడుగులు చాలునని రాసింది. నేను చెప్పలేదు ఆ మాట.

పోయిన శుక్రవారం సంతలో వాళ్ళ నాన్న కనిపించాడు, పసుపు కొమ్ములు అమ్ముకుంటూ. "పంతులమ్మా, కాలేజీకి ఎవరో టేపు పట్టుకుని వచ్చి కొలుచుకుని వెళ్ళారట" అన్నాడు. ఎక్కడ కొలిచారు, ముందా వెనకా అని అడిగాను. ఆయనకి తెలీదు. సాయంత్రం పిల్లని అడిగి చెబుతానన్నాడు.